కాగితాలు ఎగిరినంతసేపు

అంబాదాస్‌కు గోదావరి మొదట పరిచయమైంది చెడిపోయిన ఒక పాటలో.

తెలుగు నేతగాళ్ళు వలస వచ్చి స్థిరపడిన ఆ మరాఠీ ఊళ్ళో, కుంఠా నాకా దగ్గర పెంటప్ప మరమగ్గాల షెడ్డు మీద ఒకే ఒక గది ఉంది. పెంటప్ప కొడుకు అంబాదాస్ పూణెలో ఒక స్టూడియోలో పని నేర్చుకుని వచ్చి, ఆ గదిలో ఒక కంప్యూటరు, రెండు మైకులు పెట్టుకున్నాడు. నేతలో తప్పుపడి అమ్ముడుపోని చద్దర్లను నాలుగు గోడలకూ వేలాడదీశాడు. అవి బయటి చప్పుడును చాలావరకు మింగేస్తాయి. కానీ కింద మగ్గాలు ఆడుతుంటే చద్దర్లు మాత్రం ఏం చేస్తాయి? అందుకని వారానికొకసారి, మగ్గాలు ఆపి సుట్టీ ఇచ్చిన రోజునే అక్కడ పాట. మిగతా రోజుల్లో చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, పాడినదాన్ని సరిదిద్దుకోవడం.

తొంభై తొమ్మిదో సంవత్సరం, వానాకాలం. ఆ సుట్టీ రోజు ఒక భజన మండలి హార్మోనియం మాస్టారు కళ్ళు మూసుకుని చివరి చరణం వాయిస్తున్నాడు. ఇంకాసేపట్లో పాట ముగుస్తుంది. అప్పుడు కింది నుంచి ఒక కేక వచ్చింది.

"పెంటప్ప మామా, కార్డులు తెచ్చిన."

మాస్టారు కళ్ళు తెరిచాడు. అంబాదాస్ మెట్లు దిగి పరుగెత్తాడు.

గేటు దగ్గర సన్నటి వానలో ఒకమ్మాయి నిలబడి ఉంది. గొడుగు తెచ్చుకుంది గానీ అది ఆమె తల మీద లేదు. కాళ్ళ దగ్గరున్న పెద్ద అట్టల కట్ట మీద ఉంది. ఆమె తడుస్తోంది.

"ఎవరు అరిచింది?" అన్నాడు అంబాదాస్.

"నేను కాక ఇంకెవరన్న కనబడుతున్నరా ఈడ?"

"పైన రికార్డింగ్ నడుస్తుంది. నీ గొంతు వచ్చి పాటల పడ్డది."

"పడితే తీసెయ్."

"తీయరాదు. హార్మోనియంతోటి కలిసిపోయింది."

"అయితే మళ్ళ వాయించుమను. మా దగ్గర ఒక్క బొక్క తప్పు పడితే ఆ కార్డు పారేసి ఇంకోటి కొడతం. గింత లొల్లి చెయ్యం."

"బోర్డు పెట్టిన గద. శాంతతా రాఖా, చప్పుడు చెయ్యొద్దు అని."

ఆమె వేలితో చూపించింది. గేటుకు వేలాడుతున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన అక్షరాలు వానకు కారిపోయి, తెల్లటి చారలు మాత్రం మిగిలాయి.

"నీ బోర్డు నీకన్న ముందే కిందికి దిగింది, చిన్న సేట్. ముందు ఈ కట్ట పట్టు. తర్వాత కొట్లాడుదువు గాని."

అంబాదాస్ కట్ట పట్టుకున్నాడు. అది బరువుగా ఉంది. చద్దరు మీద పువ్వు ఎక్కడ లేవాలో, నెమలి ఎటు తిరగాలో మగ్గానికి చెప్పేవి ఆ అట్టముక్కలే. గోదావరి బీకాం చదివి, అశోక్ చౌక్‌లో ఒక డిజైన్ల దుకాణంలో వాటికి రంధ్రాలు కొట్టే పని చేస్తోంది. పెంటప్ప ఊళ్ళో ఇంకెవరి దగ్గరా కార్డులు తీసుకోడు.

కట్టను లోపల పెట్టాక, "నా గొంతు ఎంత ఖరాబు చేసిందో వినిపియ్యి," అంది.

పైకి వచ్చి వింది. హార్మోనియం మెల్లగా సాగుతోంది. దాని మధ్యలోకి తలుపు తోసుకుని వచ్చినట్టు ఆమె కేక. గోదావరి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. హార్మోనియం మాస్టారు కూడా నవ్వేశాడు. మళ్ళీ వాయిస్తానని పెట్టె ముందుకు లాక్కున్నాడు.

ఆమె మాత్రం కదల్లేదు.

"గిట్ల పెట్టిన గొంతు ఎన్ని దినాలు ఉంటది?"

"చెరిపేదాక ఉంటది."

"మా అవ్వ గొంతు పెడుతవా?"

"ఎందుకు?"

"వచ్చే వారం ఆమె పళ్ళన్ని పీకేస్తమన్నడు డాక్టరు."

అంబాదాస్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు.

"మా అమ్మా నాయిన నా చిన్నప్పుడే పోయిండ్రు. అవ్వ బీడీలు చుట్టి సాదింది. చుట్టుకుంట ఒక పాట కట్టింది, మన నేతోళ్ళ దేవుడు మార్కండేయుని రథం మీద. పళ్ళు పోతే మాట పోతది. రాఖీ పున్నమికి రథం మా గల్లీలకు వచ్చినప్పుడు స్పీకరు మీద ఆ పాట ఉండాలె. అంతే నాకు కావలసింది."

*

తరువాతి సుట్టీ రోజున చంద్రభాగ అవ్వ మెట్లెక్కి వచ్చింది. నుదుటి మీద పెద్ద బొట్టు, వేళ్ళకు పొగాకు వాసన. కదులుతున్న పళ్ళను నాలుకతో ఒకసారి సరిచూసుకుని మైకు వైపు అనుమానంగా చూసింది.

"ఈ కర్రకు చెప్పాలెనా బిడ్డా?"

"కర్రకు కాదవ్వా. నాకు చెప్పు. అది వింటది."

ఆమె పాడింది.

"రథమొచ్చె రథమొచ్చె వాకిట్లకొచ్చె,
నేసినా చేతులకు దండమే పెట్టె..."

పెద్ద గొంతేమీ కాదు. కానీ ప్రతి మాటా అంచు కట్టిన బట్టలా తేటగా, ఎక్కడా పోగు లేవకుండా వచ్చింది. దేవుడు రథం మీద వచ్చి నేతగాళ్ళ చేతులకు దండం పెట్టాడనడం అంబాదాస్ ఇంతకుముందు వినలేదు. హెడ్‌ఫోన్ తీయకుండానే గోదావరి వైపు తిరిగాడు. ఆమె అవ్వ పెదాలనే చూస్తోంది. పాటతో పాటు ఆమె పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

రథం నాడు స్పీకరు పెట్టే గల్లీ కుర్రాళ్ళు పాటకు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. పిల్లలకు సగమే తెలుగు వస్తుంది కనుక మరాఠీలో కూడా ఉండాలన్నారు. మరాఠీ మాటలు గోదావరే రాసింది. పాడేది కూడా ఆమే అని తేలేసరికి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నేను నలుగుర్ల పాడను."

"నలుగురు ఏడున్నరు? నేనొక్కన్నే."

"నువ్వొక్కనివే నలుగురి లెక్క చూస్తున్నవు."

అంబాదాస్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అలా అయితే పాడతానంది. ఆ పని మరో సుట్టీ రోజుకు వాయిదా పడింది.

ఆ రోజు రానే వచ్చింది. అవ్వ పాటకు హార్మోనియం, డోలు చేర్చి ఉంచిన ప్రాజెక్టును అంబాదాస్ తెరిచాడు. దాన్నే ఇంకో పేరుతో భద్రం చేశాడు. ఒకటి తెలుగు రథం, ఒకటి మరాఠీ రథం. రెప్పపాటులో అయిపోయింది.

"అయిపోయిందా?" అంది గోదావరి. "మా దగ్గర కార్డుల సెట్టు కాపీ కొట్టాలంటే పొద్దంత పడుతది. ఒక సేటు పేరు తీసి ఇంకో సేటు పేరు నేయాలన్నా, కొత్త సెట్టు కొట్టాల్సిందే. మొదటిదాన్ని ముట్టం."

"అది అట్ట. ఇది కంప్యూటరు."

"మరి ఇందుల నుంచి అవ్వ గొంతు తీసెయ్. ఆమె చెవుల పాడుతుంటే నాకు మాట రాదు."

అతను మరాఠీ ప్రాజెక్టులో అవ్వ గొంతును చెరిపాడు. తెర మీద ఒక డబ్బా వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. చదవకుండానే అవునని నొక్కాడు.

"ఏమడిగింది?"

"ప్రతిదానికి అడుగుతది. మా నాయిన లెక్క."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతోనే పాట మొదలుపెట్టింది. అవ్వ గొంతు ఉన్న వరుసలోనే ఆమె గొంతు నిండింది. అతను గోడకున్న చద్దరు మీది నెమలిని చూస్తూ విన్నాడు. ఆ నెమలికి ఒక కన్ను తప్పిపోయింది. అందుకే అది అమ్ముడుపోలేదు. ఆ పూట అతనికి అంత అందమైన నెమలి లోకంలో లేదనిపించింది.

*

పళ్ళు పీకిన వాపు తగ్గాక అవ్వ తన పాట వింటానంది. గోదావరి ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. కింద మగ్గాలు దడదడలాడుతున్నాయి. అంబాదాస్ తలుపు గట్టిగా వేసి, అవ్వ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, తను చిన్న స్పీకరు దగ్గరికి వంగి, తెలుగు రథం తెరిచాడు.

హార్మోనియం వచ్చింది. డోలు వచ్చింది. తరువాత గొంతు వచ్చింది.

"రథ్ ఆలా, రథ్ ఆలా, దారాశీ ఆలా..."

అవ్వ బోసినోరు తెరిచి మనుమరాలి వైపు చూసింది.

"నా నోట్ల మరాఠీ ఎట్ల వచ్చిందే? పళ్ళు పీకితే బాస గూడ మారుతదా?"

అని తనే నవ్వింది. వేరెవరూ నవ్వలేదు.

"రెండోది తెరువు," అంది గోదావరి.

రెండోదీ అదే.

"అవ్వది ఏది?"

అతను ఒక్కొక్కటే వెతికాడు. ప్రాజెక్టులు రెండున్నాయి. గొంతు ఉన్న ఫైలు మాత్రం ఒకటే ఉంది. ఎక్కడ చెయ్యి జారిందో అతనికి అప్పుడు తెలిసింది. యంత్రం మీదికి నెట్టేయొచ్చు, కరెంటు మీదికి నెట్టేయొచ్చు. ఆ పని చేయలేదు.

"తప్పు నాది," అన్నాడు. "ప్రాజెక్టు అంటే కార్డులు కాదు, కార్డులు కుట్టే దారం. ఏ గొంతు ఎప్పుడు రావాలో చెబుతది, అంతే. నేను దారం కాపీ కొట్టిన. కార్డులు ఒకటే సెట్టు ఉండె."

గోదావరికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"రెండు మగ్గాలకు ఒకటే సెట్టు తగిలించి, దాంట్లనే పేరు మార్చినవు."

"అవు."

"రెప్పపాటుల అయిపోయిందా అని అడిగితినా లేదా?"

"అడిగినవు."

"నీకు అనుమానం రావద్దా? నేసేటోని ఇంట్ల పుట్టినవు గద."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని అతనికి అనిపించింది. అవ్వ చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. సగం మెట్ల మీద అవ్వ ఆగి, వెనక్కి తిరిగి, చిగుళ్ళతో మెల్లగా అంది.

"బిడ్డా, అన్నం తిన్నవా? మొఖం గుంజుకపోయింది. పోయి తిను."

ఆ ఒక్క మాట లేకపోతే ఆ రోజు అతనికి గడిచేది కాదు.

పూణెలో పని నేర్పిన గురువుకు ఫోన్ చేశాడు. పాతదాన్ని చెరిపి, దాని మీదే కొత్త గొంతు రాశాక పాతది తిరిగి రాదన్నాడాయన. రాఖీ పున్నమి దగ్గర పడుతోంది.

*

మధ్యాహ్నం అశోక్ చౌక్ వెనక గల్లీలోకి అంబాదాస్ వెళ్ళేసరికి, చంద్రభాగ ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు చాటలు ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఆకు కత్తిరించే కత్తెరలు చకచక ఆడుతున్నాయి. పక్కింటి ద్రౌపది అతన్ని ముందుగా చూసింది.

"చూడుండ్రి, పాట మింగినోడు వచ్చిండు. కాయ్ సేట్, ఏం సంగతి, అరిగిందా లేదా?"

"అరగలేదు పెద్దమ్మా."

"అరగదు. మా చంద్రక్క పాట అది."

అందరూ నవ్వారు. అంబాదాస్ తలవంచుకుని అరుగు కింద నిలబడ్డాడు. గోదావరి ఇంట్లో లేదు, పనికి పోయింది. అవ్వ అతనికి నీళ్ళ చెంబు అందించి, మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది. చేతులు కదలగానే ఆమె గొంతు కూడా కదిలింది. అది ఆమెకు తెలియకుండా జరిగే పని. మాటలు పలకలేదు గనుక వాటిని వదిలేసి రాగం మాత్రం తీసింది. ఆ రాగం రెండు అడుగులు వేసేసరికి ద్రౌపది తల ఎత్తకుండానే మాట అందుకుంది. ఆమె వెనక మిగతావాళ్ళు.

"నేసినా చేతులకు దండమే పెట్టె..."

అంబాదాస్ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు తాగలేదు.

"అవ్వా, ఇది నాకియ్యి. గిట్లనే," అన్నాడు.

అవ్వ పాట ఆపేసింది. "ఈ నోటితోనా? రథం అందామంటే గాలి వస్తుంది. రథం మీదున్న దేవుడు దిగి నవ్వుతడు."

"నువ్వు రాగం తియ్యక్కా," అంది ద్రౌపది. "మాట మేము వేస్తం. ఇన్నేండ్ల సంది విన్నం, మాకు రాదా?"

"బీడీలు ఎవరు చుడుతరు? కార్ఖానాల అప్పజెప్పేది లేదా?" అంది అవ్వ.

"చాటలు పట్టుకొని అక్కడనే కూసుంటం. ఈ పోరని గదిల కూసుంటే ఆకు ఎండుతదా?"

"చద్దర్లు పరుస్త," అన్నాడు అంబాదాస్. "చాయ్ గూడ నాదే."

అప్పుడే గల్లీ మలుపు తిరిగి వచ్చిన గోదావరి ఇదంతా విన్నది. అరుగెక్కకుండా అతనికి ఎదురుగా నిలబడింది. చేతికి అట్టల దుమ్ము ఇంకా ఉంది. అవ్వ వైపు చూసింది. పళ్ళు పోయిన తరువాత అవ్వ ముఖంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"సరే," అంది. "కానీ ఈసారి అవ్వ గొంతు నీ ఒక్కని చేతిల పెట్టను. కాపీ కొట్టేటప్పుడు నేను పక్కన కూసుంట."

"నేను గూడ అదే అందామనుకున్న."

"అనకపోతివి?"

"నువ్వు అననిస్తే గద."

ద్రౌపది కత్తెర ఆపి, పక్కావిడ మోచేతిని పొడిచింది.

*

పున్నమికి ముందు వచ్చిన సుట్టీ రోజు పొద్దున్నే ఆడవాళ్ళు మెట్లెక్కారు. గది పొగాకు వాసనతో నిండిపోయింది. అవ్వ ముందు ఒక మైకు, మిగిలిన వాళ్ళ మధ్య ఇంకొకటి పెట్టాడు అంబాదాస్. గోదావరి కూడా వాళ్ళ మధ్యలోనే కూర్చుంది. ఒకసారి పాడించి చూశాడు. గొంతులతో పాటు కత్తెరల చప్పుడు కూడా వచ్చింది.

"పెద్దమ్మా, కత్తెరలు కొంచెం..." అనబోయి ఆగాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాడు. ఒక్క కత్తెరా తాళం తప్పడం లేదు. డోలు వేయాల్సిన చోటల్లా అవి పడుతున్నాయి.

"కత్తెరలు కొంచెం దగ్గరికి జరపండి," అన్నాడు.

కింద, షెడ్డులో ఒక మగ్గాన్ని నడిపి చూడటానికి మిస్త్రీ వచ్చాడు. పెంటప్ప పైనుంచి వస్తున్న పాట రెండు మాటలు విని, మిస్త్రీని భుజం పట్టుకుని గేటు దాటించి, చాయ్ తాగడానికి తీసుకుపోయాడు. ఆ సంగతి అంబాదాస్‌కు చాలా రోజుల తరువాత తెలిసింది.

అవ్వ రాగం అందుకుంది. పాత పాటలో మాటలకు ఉండిన అంచులు ఇప్పుడు లేవు. అవి లేకపోయేసరికి రాగం ఎక్కడా ఆగకుండా, ఒక గోడ నుంచి ఇంకో గోడకు బట్టల తాను పరిచినట్టు సాగింది. దాని మీద ఆడవాళ్ళు మాటలు వేశారు. గోదావరి గొంతు మొదట వాళ్ళ వెనక దాక్కుంది. రెండో చరణానికి పక్కకు వచ్చింది. చివరి చరణంలో ఎవరి వెనకా లేదు. నలుగురిలో పాడనన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు, ఎవరూ గుర్తు చేయలేదు.

పాట అయిపోయాక ఆడవాళ్ళు కత్తెరలు కింద పెట్టారు. తరువాత అవ్వ, "చాయ్ అన్నవు గద బిడ్డా," అంది.

*

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. బయట వాన పట్టుకుంది. గోదావరి ఒక స్టూలు లాక్కుని కంప్యూటరు పక్కన కూర్చుంది.

"చెప్పు. ఏమేం చేస్తున్నవో చెప్పుకుంట చెయ్యి."

"అవ్వ రాగం ఒక ఫైలు. ఆడోళ్ళ మాటలు ఒక ఫైలు. హార్మోనియం ఒకటి. ఇవన్ని ఒక డబ్బాల ఉన్నయి. ఇప్పుడు దారం ఒక్కటే కాదు, డబ్బా మొత్తం కాపీ కొడతా. మరాఠీ డబ్బాల ఆడోళ్ళ మాటలు తీసి నీ మరాఠీ పెడత. అవ్వ రాగం అట్లనే ఉంటది."

"రెండింట్ల?"

"రెండింట్ల. మాటలు లేవు గద. ఆ రాగం తెలుగుకు పనికొస్తది, మరాఠీకి పనికొస్తది."

ఆమె తల ఊపింది.

అతను నొక్కాడు. తెర మీద రెండు సంచుల బొమ్మలు వచ్చాయి. ఒక సంచిలోంచి కాగితాలు లేచి, ఎగురుతూ వెళ్ళి రెండో సంచిలో పడటం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి. ఎంతసేపటికీ తరగడం లేదు.

"ఇది కాపీ అంటే," అంది గోదావరి తృప్తిగా. "మా దుకాణంల పని లెక్కనే ఉంది."

ఇద్దరూ కాగితాలు ఎగరడం చూస్తూ కూర్చున్నారు. కింద రాసి ఉన్న పేర్లు ఒక్కొక్కటే మారుతున్నాయి. ఆమె పైకి చదువుతోంది. అవ్వ. ఆడోళ్ళు. హార్మోనియం. తరువాత ఆగిపోయింది.

"పెంటప్ప మామా అని ఉందేంది ఈడ?"

అంబాదాస్ కుర్చీలో సర్దుకున్నాడు. "అదా? పొరపాటున ఈ డబ్బాల పడ్డట్టుంది."

"వినిపియ్యి."

"కాపీ కానియ్యి."

"వినిపియ్యి, చిన్న సేట్."

వినిపించాడు. హార్మోనియం, దాని మధ్య తలుపు తోసుకుని వచ్చిన కేక. కార్డులు తెచ్చిన.

"మాస్టారు ఆ పాట మళ్ళ వాయించిండు గద. ఈ చెడిపోయినదాన్ని ఎందుకు ఉంచినవు?"

"ఉంచాలనిపించింది."

"ఎందుకు?"

"మగ్గాలు బందైనంక ఒకసారి వింట."

"విని?"

"కిటికీల నుంచి గేటు దిక్కు చూస్త. నువ్వు ఉండవు. మళ్ళ వచ్చి కూసుంట."

గోదావరి తెర వైపు తిరిగింది. చెవి కిందుగా ఒక తడి వెంట్రుక అతుక్కుని ఉంది. దాన్ని వెనక్కి తోసుకునే పని చాలాసేపు చేసింది. కాగితాలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

"ఇంకెంతసేపు పడుతది ఇది?"

"చాలాసేపు."

"పడనీ," అంది.

వాన కిటికీ రేకు మీద జోరుగా కొడుతోంది. అవ్వ ఒక కొత్త గొంతును చీర కొంగులో ముడి వేసుకుని ఇంటికి పోయినట్టు, తన చొక్కా అంచులో కూడా ఎవరో ఏదో ముడి వేసినట్టు అంబాదాస్‌కు అనిపించింది. ఏం మాట్లాడినా ముడి విడిపోతుందని ఊరుకున్నాడు.

చివరి కాగితం పడ్డాక ఆమె లేవలేదు.

"చెరిపి చూపియ్యి. అప్పుడు నమ్ముత."

"ఏది చెరపాలె?"

"అవ్వ మీద పరీక్ష వద్దు. నా మీద చెయ్యి. కాపీల నన్ను చెరుపు. అసల్ల ఉంటనో లేదో చూస్త."

అతను కాపీ డబ్బాలోని ఆమె కేకను ఎంచుకున్నాడు. తెర మీద ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. వేలు నొక్కడానికి రావడం లేదు.

"నొక్కు. నేను ఇక్కడనే ఉన్న గద," అంది గోదావరి మెల్లగా.

నొక్కాడు. కాపీ మూగబోయింది. అసలు డబ్బా తెరిచి, పెద్ద స్పీకర్లు పూర్తిగా పెంచి, పాటను నడిపాడు. గది అదిరిపోయేలా వచ్చింది గొంతు.

"పెంటప్ప మామా, కార్డులు తెచ్చిన."

కింది నుంచి వెంటనే జవాబు వచ్చింది.

"తెస్తే గేటు కాడ తడవకు బిడ్డా, లోపటికి రా. వస్తున్న."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెంటప్ప గేటు దాకా పోయి, ఎవరూ లేకపోయేసరికి నెత్తి మీద తువ్వాలతో మెట్లెక్కి వచ్చాడు. తలుపు తీసేసరికి కొడుకు కుర్చీలో, పిల్ల స్టూలు మీద, నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన తెరను చూశాడు, స్పీకర్లను చూశాడు, తరువాత ఆ ఇద్దరినీ చూశాడు. ఏమీ అడగలేదు. ప్రతిదానికీ అడిగే మనిషి ఆ ఒక్కసారి అడగకపోవడం అంబాదాస్ జీవితాంతం మరచిపోలేదు.

"వాన తగ్గినంక ఆ పిల్లను దిగబెట్టు," అని మాత్రం అని, మెట్లు దిగిపోయాడు.

*

పున్నమి నాడు కొత్త జంధ్యాలు వేసుకున్న మగవాళ్ళు, పట్టుచీరల ఆడవాళ్ళు గల్లీ రెండు వైపులా నిలబడ్డారు. రథం మలుపు తిరగగానే కుర్రాళ్ళు స్పీకరు పెంచారు. ముందు కత్తెరలు వినిపించాయి. ఆ చప్పుడు గుర్తుపట్టని ఇల్లు ఆ గల్లీలో లేదు. అరుగుల మీదున్న వాళ్ళంతా ఒక్కసారి తలలెత్తారు. తరువాత అవ్వ రాగం లేచింది. దాని మీద మాటలు.

"రథమొచ్చె రథమొచ్చె వాకిట్లకొచ్చె..."

రథం లాగేవాళ్ళు తాడు వదలకుండానే ఆ పాట అందుకున్నారు. ద్రౌపది తన కత్తెరకు పసుపుకుంకుమలు పెట్టి తెచ్చింది. దాన్ని పైకెత్తి ఆడించింది. నేసిన చేతులకు దండం పెట్టే చరణం వచ్చేసరికి రథం సరిగ్గా చంద్రభాగ వాకిట్లో ఆగింది. ఎవరూ ఆపమనలేదు. అవ్వ చేతులు జోడించబోయి, ఆగి, తన చేతులను తిప్పి చూసుకుంది. ఆకు గాట్లు పడిన వేళ్ళు. తరువాత బోసినోటితో నిండుగా నవ్వి, దేవుడికి ఎదురు దండం పెట్టింది.

పాట అయిపోగానే మరాఠీది మొదలైంది. గల్లీ పిల్లలు గంతులేశారు. గోదావరి తన గొంతు తనకే వినబడకుండా అవ్వ వెనక్కి దూరింది. ఆ జనంలోంచి దారి చేసుకుంటూ పెంటప్ప వచ్చాడు. వెనకాలే అంబాదాస్.

"పెద్దమ్మా," అన్నాడు పెంటప్ప. "నీ మనుమరాలు మొదటి నుంచి నన్ను మామా అనే పిలుస్తుంది. పిలుపు ఖరాబు కాకుండ చూసుకోవాలె. పిల్లను మా ఇంటికియ్యి."

అవ్వ గోదావరి ముఖం చూసింది. ఆ ముఖం కిందికి వంగి ఉంది గానీ వద్దనడం లేదు.

"ఏమంటవే?"

"నాదొకటే మాట అవ్వా," అంది గోదావరి, నేల చూపుతోనే. "కార్డుల పని బందు చెయ్యను."

"బందు చేస్తే మా మగ్గాలు ఏం నేస్తయి బిడ్డా?" అన్నాడు పెంటప్ప.

"బరోబర్," అంది అవ్వ. "నాది గూడ ఒక మాట ఉంది. నా కొత్త పళ్ళు రానియ్యుండ్రి. మనుమరాలి పెళ్ళిల సకినాలు నేను కరకర కొరకాలె. నానబెట్టుకొని తిననంటే తినను."

"న్యాయమే. పళ్ళకు ఇంకెన్ని దినాలు పడుతది పెద్దమ్మా?"

"చిగుళ్ళు గట్టిపడాలెనట. చాలా దినాలు పడుతదన్నడు డాక్టరు."

గోదావరి తల ఎత్తి అంబాదాస్ వైపు చూసింది. పడనీ అంటాడేమోనని ఆమె పెదవి చివర నవ్వు సిద్ధంగా ఉంది.

"అవ్వా," అన్నాడు అంబాదాస్, "రేపు పొద్దున్నే తయారుండు. డాక్టరు దగ్గరికి నేను తీసుకపోత."